రికార్డులోకి వెళ్ళని మాట

నాలుగో అంతస్తులో లిఫ్ట్ ఎక్కినప్పుడు ఆయన దిగువ సభ సభ్యుడు. కింద తలుపులు తెరుచుకునేసరికి ఒక ఖాళీ సీటు.

మూలకి ఆనుకుని కూర్చుని ఉన్నాడు. చొక్కా నలగలేదు. మొహంలో బాధ లేదు సరికదా, ఎవరో పొగిడితే మొహమాటపడుతున్నట్టు చిన్న నవ్వు ఉంది. కుడి బొటనవేలి మీద సిరా మరక. ఆ మరక మధ్యలో ఆవగింజలో సగమంత ఎర్రటి చుక్క. సభ డాక్టర్ గుండెపోటు అని రాశాడు. ఆరు వారాల్లో అది మూడో గుండెపోటు.

ఒకే వీధిలో మూడు కొట్లు తగలబడితే, తెలివైనవాడు బూడిదని చూస్తూ నిలబడడు. నాలుగో కొట్టు ఎవరిదో కనుక్కుంటాడు. ఆ సాయంత్రమే చీఫ్ నుంచి ఏజెంట్‌కి పిలుపు వచ్చింది.

ఊళ్ళో అతను గుండీల టోకు వ్యాపారి. పదకొండేళ్ళ కిందట డిపార్ట్‌మెంట్ తగిలించిన వేషం అది. కాలం గడిచేకొద్దీ వేషమే బాగా నడిచి కొట్టు రెండింతలైంది. అందుకే డిపార్ట్‌మెంట్‌లో అతని పేరు 'గుండీ'.

అచ్చు యంత్రాల మోత వినిపించే ఒక ముద్రణాలయం వెనక గదిలో చీఫ్ ఒక పుస్తకం తెరిచి కూర్చున్నాడు. ఈ సభకి ఎన్నికైన రెండు వందల పదకొండు మంది పేర్లు, ఫొటోలు అందులో ఉన్నాయి. అయిదేళ్ళ కిందట అచ్చైనప్పుడు కొత్త కొట్టు బోర్డులా మెరిసి ఉంటుంది. ఇప్పుడు దాన్నిండా పెన్సిల్ గీతలే. పార్టీ మారినవాళ్ళకి బాణం గుర్తు. రాజీనామా చేసిన ఇద్దరికి అడ్డగీత. చనిపోయిన ముగ్గురికి నల్ల చతురస్రం.

"రేవు బిల్లు," అన్నాడు చీఫ్. "మన లోతైన రేవుని తొంభై తొమ్మిదేళ్ళకి విదేశీ కంపెనీకి అప్పగించే బిల్లు. బోర్డు మీద పేరే కంపెనీది. వెనకున్నది ఆ దేశపు నౌకాదళం."

"ఓటింగ్ ఎప్పుడు సార్?"

"ఎల్లుండి. తొమ్మిది రోజుల్లో సభ గడువే అయిపోతుంది. ఖాళీలకి ఉపఎన్నికలు ఉండవు. బిల్లుకి వ్యతిరేకం నూట మూడు, అనుకూలం నూట రెండు. పోయిన ముగ్గురూ వ్యతిరేకులే. ఇంకొక్కరు పోతే సమానం. సమానమైతే స్పీకర్ ఓటు. అది ఎటు పడుతుందో సభ గోడ మీద పిల్లికి కూడా తెలుసు."

"నాలుగోవాడు ఎవరో తెలిసిందా?"

"వాడు కాదు, ఆవిడ. నిన్న ఒక రేడియో సందేశం పట్టుకున్నాం. అందులో ఒకే మాట ఉంది. హెడ్మాస్టరమ్మ."

సభలో అందరూ ఆ పేరుతో పిలిచే మనిషి ఒక్కరే ఉన్నారు. ఆవిడ ఏజెంట్ భార్యకి తల్లి.

"సార్, మా అత్తగారిని రెండు రోజులు ఇంట్లో కూర్చోబెడితే?"

"ఓటు పోతుంది. వాళ్ళకి కావలసిందీ అదే కదా. ఆవిడ బతికుండాలి, ఓటింగ్‌కి తలుపులు మూసేవేళకి లోపల ఉండాలి. ఒకటి దక్కి ఇంకోటి పోతే నాకు ఫోన్ కూడా చెయ్యకు."

"ఆవిడతో చెప్పేద్దామా?"

"చెబితే స్పీచ్‌లో వాడేస్తుంది."

అల్లుడికి ఆ మాటలో తప్పేమీ కనబడలేదు.

చీఫ్ ఒక స్టీల్ చెంచా ముందుకు తోశాడు. విషం తగిలితే కాడ నీలంగా మారుతుంది. "సభ లోపల మన మనిషి ఉంది. రిపోర్టర్ల విభాగంలో షార్ట్‌హ్యాండ్. కోడ్ నేమ్ కామా. ఆమె చెప్పింది విను."

*

ఓటింగ్ రోజు పొద్దున్న హెడ్మాస్టరమ్మ తన క్వార్టర్స్ వంటగదిలో నిలబడి, గ్లాసులో టీని మూడోసారి కలుపుతున్న అల్లుణ్ణి పరీక్షగా చూసింది.

"ఏం బాబూ, నా టీలో నీ గుండీ ఏమన్నా పడిందా?"

"చక్కెర కరగలేదేమోనని అత్తయ్యా."

"నేను చక్కెర మానేసి ఆరేళ్ళయింది. నిన్నట్నుంచి నీడలా తిరుగుతున్నావు. కొట్టు దివాలా తీసిందా? తీస్తే చెప్పు, దాయకు. అమ్మాయికి నేను చెబుతాలే."

"మీ స్పీచ్ వినాలని అత్తయ్యా."

"అయిదేళ్ళలో పుట్టని బుద్ధి ఇవాళ పుట్టిందా?" ఆవిడ సంచీ భుజాన వేసుకుంది. "సరే రా. గ్యాలరీలో నిద్రపోకు. గురక పెడితే మార్షల్స్ ఎత్తి బయట పారేస్తారు, నేను అడ్డుపడను."

చెంచా తెల్లగానే ఉంది.

సభ భవనంలో మెట్ల మలుపు దగ్గర ఒక యువతి ఫైళ్ళు పట్టుకుని ఎదురైంది. ముదురు నీలం కోటు, మెడ మీద కదలని జుట్టు ముడి. ఆమె నడుస్తుంటే వరండాలో గుమాస్తాలు తలుపులు తెరిచి పట్టుకుని, తెరిచామన్న సంగతే మర్చిపోయారు.

"నాలుగు కన్నాల గుండీలున్నాయా?" అంది ఆమె, ఆగకుండానే.

"కన్నాలు మా దగ్గర, దారం మీ దగ్గర," అన్నాడు ఏజెంట్.

కామా వేగం తగ్గించింది. "క్యాంటీన్ టీ బండివాడు. మూడు చావుల రోజుల్లోనూ డ్యూటీలో ఉన్నాడు. వాడి మీంచి చూపు తిప్పకండి." నవ్వింది. ఆ నవ్వుకి ఎవరైనా రెండు మెట్లు తప్పి దిగుతారు. ఏజెంట్ ఒక మెట్టే తప్పాడు.

పదకొండు గంటలకి హెడ్మాస్టరమ్మ లేచింది. గ్యాలరీ నుంచి చూస్తే సభ పెద్ద గిన్నెలా ఉంది. అడుగున స్పీకర్ బల్ల, దాని ముందు నలుగురు రిపోర్టర్లు. వాళ్ళలో ఒకరు కామా. చుట్టూ వరసలు. ఆ వరసల్లో మూడు ఖాళీ కుర్చీలు ఊడిన పళ్ళ సందుల్లా కనబడుతున్నాయి.

"అధ్యక్షా! అమ్మబోతే అడవి, కొనబోతే కొరివి అంటారు. మనం అమ్మబోతున్నది రేవు. రేపు మన పడవ మన గట్టుకి రావాలంటే పరాయివాడి గేటు దగ్గర నిలబడి చీటీ చూపించాలి. ఈ బేరం ఎవరి లాభానికి?"

మంత్రి ఎగిరి లేచాడు. "నన్నే అంటున్నారా?"

"గుమ్మడికాయల దొంగ అంటే తమరెందుకు భుజాలు తడుముకుంటారు?"

సభ భళ్ళున నవ్వింది. స్పీకర్ బల్ల గుద్దాడు. "దొంగ అన్న మాట రికార్డులోకి వెళ్ళదు! ఏదీ వెళ్ళదు!"

నాలుగు పెన్నులూ ఒక్క దారం పట్టి లాగినట్టు ఒకేసారి పైకి లేచాయి. గొడవ అణిగాక మళ్ళీ కాగితం మీద వాలాయి. ఏజెంట్ అది చూశాడు కానీ పట్టించుకోలేదు. అతని కళ్ళు తలుపు సందులోంచి కనబడే టీ బండి మీద ఉన్నాయి.

*

స్పీచ్ అయ్యాక హెడ్మాస్టరమ్మ లాబీలోకి వచ్చి బల్ల దగ్గర కూర్చుంది. ఏజెంట్ కిందికి దిగి, ఆవిడ కళ్ళజోడు పట్టుకుని, సందర్శకుల తాడు ఇవతల నిలబడ్డాడు. టీ బండి ఆవిడకి పది అడుగుల దూరంలో ఉంది.

బండివాడు ముసలివాడు. కెటిల్ పట్టుకుని మెల్లగా తాడు దగ్గరికి వచ్చాడు. "అయ్యా, పొద్దుట్నుంచి నా కెటిల్‌నే చూస్తున్నారు. మనసైతే చెప్పండి, తక్కువలో ఇచ్చేస్తాను."

ఏజెంట్ చెంచా అతని కెటిల్‌లో ముంచి తీశాడు. తెల్లగానే ఉంది.

అప్పుడే డివిజన్ బెల్ మోగింది. ఓటింగ్‌కి పిలుపు. మూడు నిమిషాల పాటు మోగుతుంది. ఆగిన క్షణంలో మార్షల్స్ తలుపులకి తాళం వేస్తారు. ఆ తరవాత దేశాధినేత వచ్చి తట్టినా తియ్యరు. సభ్యులు గుంపులుగా లోపలికి నడిచారు. హెడ్మాస్టరమ్మ లేచింది.

"అమ్మా, ఒక్క నిమిషం."

కామా. చేతిలో అట్ట, అట్ట మీద టైపు చేసిన కాగితాలు.

ఆ సభలో అదొక పద్ధతి. సభ్యులు మాట్లాడిన కాసేపటికి వాళ్ళ మాటలు టైపై వాళ్ళ చేతికే వస్తాయి. తప్పులుంటే దిద్ది సంతకం పెట్టాలి. బయటివాళ్ళు ఇచ్చిన నీళ్ళు కూడా ముట్టని సభ్యులున్నారు. తన మాటలు తాను చదువుకోనని కాగితం తిప్పి పంపినవాడు మాత్రం ఆ సభ పుట్టాక ఒక్కడూ లేడు.

"ఓటేసి వచ్చాక చూస్తానమ్మాయ్," అంది హెడ్మాస్టరమ్మ.

"దొంగ అన్న మాట ఉంచేశానమ్మా," కామా గొంతు తగ్గించింది. "అంత బాగా అన్నారు, తీసెయ్యడానికి చెయ్యి రాలేదు. మీరు ఇప్పుడే సంతకం పెడితే అలాగే అచ్చుకి వెళ్ళిపోతుంది. ఆలస్యమైతే నావల్ల కాదు."

హెడ్మాస్టరమ్మ ఆగిపోయింది. ఆవిడ మొహంలోకి చిన్న నవ్వు వచ్చింది.

తాడు ఇవతల నుంచి ఏజెంట్ ఆ నవ్వు చూశాడు.

పైకి లేచిన నాలుగు పెన్నులు కళ్ళముందు మెదిలాయి. స్పీకర్ తీసేసిన మాటని తిరిగి పెట్టడం ఏ రిపోర్టర్ తరమూ కాదు. కామా ఇస్తానంటున్న సరుకు ఆమె కొట్లో లేదు. లేని సరుకు చూపించి బేరమాడేవాడికి కావలసింది కొనేవాడు కాదు, కొనేవాడి చెయ్యి. ఫైల్లో ఫొటోలో చూసిన లిఫ్ట్ మనిషి నవ్వుకీ, వేలి మీద సిరా మరకకీ ఇప్పుడు అర్థం తెలిసింది. ఆ మూడు రోజుల్లోనూ డ్యూటీలో ఉన్నది టీ బండివాడొక్కడే కాదు.

కామా కోటు జేబులోంచి లావుపాటి నల్ల పెన్ను తీసి ఆవిడ చేతిలో పెట్టింది. ఆవిడ వేళ్ళు ఇంకా దాని మీద బిగుసుకోలేదు. నొక్కి రాస్తే చాలు.

మధ్యలో పది అడుగులు. తాడు దాటితే మార్షల్ పట్టుకుంటాడు. 'వద్దు' అని అరిస్తే? పదకొండేళ్ళ అనుభవం అతనికి ఒక సంగతి నేర్పింది. అల్లుడు వద్దన్న పనిని ఆవిడ ఆ నిమిషంలోనే చేసి చూపిస్తుంది. కూతురికి ఉంగరం వద్దన్నాడు, రెండు కొంది. రాజకీయాలు వద్దన్నాడు, నిలబడి గెలిచింది.

"పెట్టేయండత్తయ్యా!" అని కేకేశాడు. "చదవకుండానే పెట్టేయండి! ఇప్పుడు అవన్నీ ఎవరు చదువుతారు?"

హెడ్మాస్టరమ్మ తల గిర్రున తిరిగింది.

"చదవకుండా సంతకమా? ముప్పై ఏళ్ళు పిల్లలకి నేను నేర్పిందేంటి? నువ్వలా పెట్టబట్టే కదా నాసిరకం గుండీలు నీ నెత్తిన పడ్డాయి!" పెన్ను అట్ట మీద ఠక్కున పెట్టేసింది. "కాగితం నీ దగ్గరే ఉంచమ్మాయ్. వచ్చి ప్రతి అక్షరం చదువుతాను."

బెల్ ఇంకా మోగుతోంది. మార్షల్ తలుపు రెక్క మీద చెయ్యి వేశాడు.

కామా మొహంలో నవ్వు చెదరలేదు. పెన్ను పై కొన పిడికిట్లో పట్టుకుని, వెనక నుంచి ఆవిడ చెయ్యి అందుకోబోయింది. అప్పటికే ఏజెంట్ తాడు దాటాడు. అట్ట లాక్కుని అడ్డం పెట్టాడు. పెన్నుకి బొటనవేలు ఆనే చోట నుంచి సన్నటి సూది వచ్చి అట్టలో దిగి విరిగింది.

"పరుగెత్తండత్తయ్యా!"

"నేను నడిచే వెళతాను," అందావిడ వెనక్కి చూడకుండా.

నడిచింది. బెల్ ఆగింది. మూసుకుంటున్న రెండు రెక్కల మధ్యలోంచి ఆవిడ పక్కకి తిరిగి లోపలికి జారింది. సంచీ తలుపులో ఇరుక్కుంది. లోపలి నుంచి ఒక్క గుంజు, సంచీ మాయమైంది. తాళం పడింది.

ఇద్దరు మార్షల్స్ ఏజెంట్‌ని పట్టుకున్నారు. అతను కోటు లోపలి గుర్తింపు బిళ్ళ చూపించగానే వదిలి కామాని పట్టుకున్నారు. ఆమె పెనుగులాడలేదు. కోటు ముడతలు సర్దుకుంది.

"మీ చీఫ్ చెంచా ఇచ్చి పంపితే చెంచానే చూస్తావనుకున్నాను," అంది. "ఎక్కడ తప్పాను?"

"ఆ మాట నీది కాదు, ఇవ్వడానికి."

"నిజమే." ఆమె మూసిన తలుపు వంక చూసింది. "రెండు నెలల్లో ఎన్నికలు. రెండు వందల పదకొండు మంది కొత్తవాళ్ళు. అందరూ మాట్లాడతారు, అందరూ తమ మాట చదువుకోవాలనుకుంటారు. కాగితాలు మోసుకొచ్చేవాళ్ళ మొహం ఎవరూ చూడరు. మేము ఎంతమందిమో నీకు తెలుసా?"

తెలియదు. ఆమెని తీసుకెళుతుంటే వరండాలో రిపోర్టర్ల విభాగం తలుపు తెరుచుకుంది. ఆరు మొహాలు బయటికి చూశాయి. అయిదు ఆశ్చర్యపోయాయి. ఒకటి మెల్లగా తలుపు మూసుకుంది. ఏజెంట్ ఆ మొహాన్ని గుర్తు పెట్టుకున్నాడు.

ఇరవై నిమిషాల తరవాత తాళం తీశారు. అనుకూలం నూట రెండు. వ్యతిరేకం నూట మూడు. బిల్లు వీగిపోయింది.

హెడ్మాస్టరమ్మ బయటికి వచ్చి, కళ్ళజోడు పెట్టుకుని, లాబీ అంతా వెతికింది.

"ఆ కాగితాల అమ్మాయి ఏది?"

"ఆమె... ఉద్యోగం మానేసిందత్తయ్యా."

"ఇంత అర్ధాంతరంగానా?" ఆవిడ అల్లుణ్ణి పైనుంచి కిందికి చూసింది. "నువ్వేదో కూశావు. ఈ అయిదేళ్ళలో నేనన్న మాట అన్నట్టు రాసినది ఆ పిల్లొక్కతే. దాన్నీ తరిమేశావు!"