ముప్పైఒకటో నంబరు

"ముప్పైఒకటి," అని పిలిచి, ఆనవాయితీ ప్రకారం తల వంచుకుని, ఒక్క ఊపిరంత సేపు ఆగి, చీటీ మీద 'ఏ' అని రాసేశాడు క్లాసు లీడర్ పట్టీ.

"ప్రెజెంట్," అంది వెనక బెంచీ నుంచి ఒక ఆడగొంతు.

పట్టీ చేతిలోని పెన్ను జారి, బల్ల మీద దొర్లి, కింద పడి, అక్కడా ఇంకొంచెం దొర్లింది. తీయడానికి ఎవరూ వంగలేదు. తరగతిలోని నలభై తలకాయలూ ఒక్కసారిగా పుస్తకాల్లో మునిగిపోయాయి. పరీక్షల ముందు కూడా అంత శ్రద్ధగా మునిగిన తలకాయలు కావవి. బయట వాన ధారగా పడుతోంది. వెనక్కి తిరిగి చూసినవాడు లేడు. చూడకూడదు. అది రూలు.

అదొక చిన్న కాలేజీ. గదులు ఎనిమిది, ఆనవాయితీలు ఎనభై. అన్నిటిలోకీ పెద్దది ముప్పైఒకటో నంబరు. ఇరవై రెండేళ్ళ క్రితం ఇలాంటి వానలోనే, ఆ నంబరు అమ్మాయి హాజరు పిలిస్తే "ప్రెజెంట్" అందట. తల ఎత్తి చూస్తే ఆమె చోటు ఖాళీ. మళ్ళీ ఎవరికీ కనబడలేదు. ఆమె నీలం గొడుగు మాత్రం వెనక గోడకి మేకు మీద వేలాడుతోంది. దాన్ని ఎవరూ ముట్టుకోరు. వెనక కిటికీ పక్కన ఆమె బెంచీలో ఎవరూ కూర్చోరు. ఆ నంబరు ఎవరికీ ఇవ్వరు. రోజూ పిలుస్తారు, తల వంచుతారు, 'ఏ' రాస్తారు. ఒకవేళ ఎవరైనా పలికితే తిరిగి చూడరు. ఎప్పుడో ఒక లీడర్ సరదాకి 'పి' రాశాడట. వారం తిరక్కుండా అతనూ కనబడకుండా పోయాడు. ఉద్యోగం వచ్చి వెళ్ళాడని కొందరంటారు గానీ, అంత చప్పటి సంగతి నమ్మడానికి కాలేజీకి రావాలా?

ఆ కాలేజీలో హాజరు వేసేది లెక్చరర్లు కాదు, క్లాసు లీడర్. మొదటి బెంచీలో బోర్డు వైపు మొహం పెట్టుకుని నంబర్లు పిలుస్తాడు, చీటీ రాసి ఆఫీసు డబ్బాలో వేస్తాడు. సూపరింటెండెంట్ మేడమ్ దాన్ని ఆకుపచ్చ ఇంకుతో పెద్ద రిజిస్టర్‌లోకి ఎక్కిస్తుంది. హాజరు పట్టీ పట్టుకు తిరుగుతాడు కనక మన లీడర్‌కి 'పట్టీ' అని పేరు పడింది. పేరులో తప్ప మనిషిలో పట్టు లేదు.

గంట కొట్టగానే వరండాలో ఎవరో దారికి అడ్డం నిలబడ్డారు. జడ చివర నీళ్ళు కారుతున్నాయి.

"ఏమండీ లీడర్ గారూ, నేను కనబడటం లేదా?"

పట్టీ ఆమె కాళ్ళ వైపు చూశాడు. రెండున్నాయి. చెప్పులూ ఉన్నాయి. ఒక చెప్పు తెగి, పిన్నీసు గుచ్చి ఉంది. దెయ్యాలకి పిన్నీసు ఎందుకు అనే ఆలోచన అతనికి కొంత ధైర్యం ఇచ్చింది.

"మీ... మీ నంబరు?"

"ముప్పైఒకటి. నిన్ననే చేరాను. మా నాన్నగారికి ఇక్కడి రైల్వే స్టేషన్‌కి ట్రాన్స్‌ఫర్ అయింది. ఆఫీసులో కొత్త గుమాస్తా ఖాళీ నంబరు ఇదే ఉందని ఇచ్చాడు. క్లాసులో ఖాళీ బెంచీ కూడా ఆ వెనక కిటికీ పక్కది ఒక్కటే కనిపించింది. ఇంతకీ చీటీలో ఏం రాశారు?"

"ఏ."

"ఏదో ఒకటి. ఏం రాశారు?"

"అదేనండి. 'ఏ'."

"నేను పలికాక 'ఏ' ఏమిటండీ? చెవుడా?"

"కాదండీ. సంప్రదాయం."

మొత్తం కథ చెప్పాడు. ఆమె చివరిదాకా విని, తడిసిన చెయ్యి అతని చీటీ మీద ఆనించింది. అయిదు వేళ్ళ అచ్చు పడింది.

"రేపటినుంచి నా హాజరు మీ పూచీ," అని వెళ్ళిపోయింది.

*

స్టేషన్ మాస్టర్ గారి ఇంటి ముందు బళ్ళు ఆగుతాయి గానీ ఇల్లు ఆగదు. మూడేళ్ళలో మూడు ఊళ్ళు, మూడు కాలేజీలు. పోయిన ఊళ్ళో హాజరు చాలక ఒక సంవత్సరం పోగొట్టుకుంది ఆ అమ్మాయి. ఇక్కడ నూటికి డెబ్బై అయిదు రాకపోతే రెండోది కూడా పోతుంది. అది పట్టీకి తెలుసు. టీ కొట్టులో ఎదురెదురుగా కూర్చున్నప్పుడు ఆమే చెప్పింది. ఆమె గ్లాసులో టీ నిజంగా తగ్గుతోందా లేదా అని అతను ఓరగా చూస్తుంటే, "తాగుతున్నానులెండి. కావాలంటే మీది కూడా తాగి చూపిస్తాను," అని అతని గ్లాసు లాక్కుంది.

తర్వాత ఆరు వారాలు వాన ఆగలేదు, వాళ్ళ మాటలూ ఆగలేదు. వాన ఆమె కనురెప్పల మీద నిలబడితే, ఆ రోజు పట్టీ పాఠం ఎక్కడ ఆగిందో చెప్పలేకపోయేవాడు. 'మీరు' లోంచి 'నువ్వు' లోకి ఎప్పుడు దిగారో ఇద్దరికీ తెలియదు. క్లాసులో అమ్మాయిలు ఆమెని పలకరించేవారు గానీ, మాట మధ్యలో కిందకి చూసి ఆమెకి నీడ ఉందో లేదో సరిచూసుకునేవారు. ముసురు పట్టిన రోజులు కావడం వల్ల నీడ ఎవరికీ లేదు.

ఇన్నీ బాగానే ఉన్నాయి. తెల్లవారి తొమ్మిదిన్నరకి "ముప్పైఒకటి" అని పిలవగానే మాత్రం వెనక గోడ మీది గొడుగు తన వీపునే చూస్తున్నట్టు ఉండేది పట్టీకి. ఆమె స్పష్టంగా "ప్రెజెంట్" అనేది. అతని చెయ్యి 'ఏ' రాసేసేది. 'పి' అనే అక్షరం పిరికితనంలో ఉంది గానీ అతని కలంలో లేదు. అభయం ఇవ్వవలసిన లీడర్ అందులో మొదటి అక్షరం పారేసుకుని, మిగిలింది భద్రంగా దాచుకున్నాడు.

"ఇవాళ రాశావా?" అని అడిగేది.

"రేపు తప్పకుండా."

"నీ రేపుకి గేటు పడిపోయింది. మా నాన్న కూడా ఎత్తలేడు."

ఒక శనివారం నోటీసు బోర్డు మీద కాగితం అతికించారు. హాజరు చాలని వాళ్ళ జాబితా వచ్చే శుక్రవారం వేస్తారని. అది చదివి ఆమె అతని వైపు తిరిగింది. నవ్వు లేదు.

"ఒక్కటి అడుగుతాను. సాయంత్రం గంట సేపు ఎదురుగా కూర్చుని చూస్తావు కదా నన్ను. పొద్దున్న ఒక్క క్షణం వెనక్కి తిరిగి చూడ్డానికి ఏమవుతుంది?"

ఆమె గొడుగు తెరిచి వానలోకి నడిచింది. వెనక్కి తిరగలేదు.

*

సోమవారం టీ కొట్టుకి ఆమె రాలేదు. పొద్దున్న హాజరు మాత్రం పలికింది. "ప్రెజెంటండీ," అంది, మెల్లిగా.

కోపంలో మర్యాద ఎక్కువైంది అనుకున్నాడు పట్టీ. మంగళవారం కూడా "ప్రెజెంటండీ." బుధవారం కూడా. గంట కొట్టాక తిరిగి చూస్తే ఆమె ఉండేది కాదు. అంత త్వరగా ఎలా వెళ్ళిపోతోందో అర్థమయ్యేది కాదు.

గురువారం వాన మరీ పెరిగింది. పట్టపగలే లైట్లు వేశారు.

"ముప్పైఒకటి."

"ప్రెజెంటండీ."

గొంతు చాలా దగ్గరగా ఉంది. చెవి వెనక చల్లటి గాలి తగిలింది. పక్కనున్న స్నేహితుడు, తాటిచెట్టంత ఎత్తు కనక 'నిచ్చెన' అంటారు, పుస్తకంలో మొహం పెట్టుకునే గొణిగాడు. "ఒరేయ్ పట్టీ, రాసెయ్. ఊపిరి ఎంతసేపు బిగపట్టమంటావురా?"

పట్టీ 'ఏ' రాయడానికి వంచిన పెన్ను ఆపాడు. జాబితా రేపే. ఇవాళ కూడా చూడకపోతే ఇక ఎప్పుడు? ఇరవై రెండేళ్ళలో మొదటిసారి, ఆ నంబరు పిలిచాక, ఆ తరగతిలో ఒక తల వెనక్కి తిరిగింది.

బెంచీ ఖాళీగా ఉంది.

పుస్తకాల్లేవు, సంచీ లేదు. మేకుకి వేలాడుతున్న నీలం గొడుగు కొసనుంచి చుక్కలు పడుతున్నాయి. కింద చిన్న మడుగు. పట్టీ పైకప్పు చూశాడు. పొడిగా ఉంది.

"నువ్వు కూడా విన్నావు కదరా?" అన్నాడు.

"నేనేం వినలేదు. నాలుగు రోజులనుంచీ వినలేదు," అన్నాడు నిచ్చెన, పళ్ళు టకటకలాడుతుండగా.

పట్టీ చీటీలో 'పి' రాశాడు. దాన్ని నిచ్చెన చేతిలో కుక్కి, గొడుగు లేకుండా వానలోకి పరిగెత్తాడు.

*

రైల్వే క్వార్టర్స్‌లో తలుపు తీసింది ఆమె తల్లి. చేతిలో థర్మామీటర్ ఉంది.

"ఆంటీ, ముప్పైఒకటి..."

"ముప్పైఒకటేమిటి, జ్వరం నూట ఒకటి. ఇవాళే కాస్త దిగింది. నువ్వేనా పట్టీ అంటే? నుదుటికి తడిపట్టీ వేస్తుంటే నీ పేరే పలవరించింది. పిలుస్తోందో తిడుతోందో తెలియలేదు. రా బాబూ, తుడుచుకో."

లోపల ఆ అమ్మాయి మంచం మీద దుప్పటి కప్పుకుని కూర్చుంది. పక్కన బల్ల మీద టీ.సీ. కోసం రాసిన అర్జీ.

"ఆదివారం రాత్రినుంచి లేవలేదు," అంది నీరసంగా. "రేపు నాన్న కాలేజీకి వస్తారు. కాగితాలు తీసుకుని వేరే ఊళ్ళో హాస్టల్లో వేస్తారట. కనబడని చోట ఉండి ఏం లాభం? అయినా నువ్వెందుకొచ్చావు?"

"చూశాను. వెనక్కి తిరిగి."

"ఈ రోజా?"

"ఈ రోజే. నువ్వు లేవు. నాలుగు రోజులనుంచీ నీ నంబరుకి పలుకుతున్నది నువ్వు కాదు."

రైలు ఏదో దడదడలాడుతూ పోయింది. అలమరలో గ్లాసులు వణికాయి.

"భయం వేయలేదా?" అంది చివరికి.

"వేసింది. నువ్వు అక్కడ లేవని వేసింది. ఆరు వారాలు నువ్వు ఉన్నావని తెలిసి లేవని రాశాను. అది రేపు ఆఫీసులో ఒప్పుకుంటాను, లీడర్ పని పోయినా సరే. ఆ అర్జీ ఒక్క రోజు ఆపు. నువ్వు వెళ్ళిపోతే నేను రోజూ తల వంచుకునే ఉండాలి. నువ్వంటే నాకు..."

వంటింట్లో గరిటె చప్పుడు ఆగింది. తల్లి వింటోంది.

"చెప్పు బాబూ, పర్వాలేదు. పాలు ఎలాగూ పొంగిపోయాయి," అంది లోపలినుంచి.

"ఇష్టం," అన్నాడు పట్టీ.

ఆమె అర్జీని దిండు కింద పెట్టింది. "ఒక్క రోజే," అంది.

*

శుక్రవారం పొద్దున్న ఇద్దరూ సూపరింటెండెంట్ మేడమ్ బల్ల ముందు నిలబడ్డారు. పట్టీ అంతా చెప్పాడు. మేడమ్ పెద్ద రిజిస్టర్ తెరిచి వాళ్ళ వైపు తిప్పింది.

ముప్పైఒకటో గడిలో ఆకుపచ్చ ఇంకుతో 'పి'. ఆరు వారాలూ 'పి'. అంతకుముందు నెలలోనూ 'పి'. మేడమ్ బీరువాలోంచి పాత రిజిస్టర్లు తీసింది. అన్నిటిలోనూ అంతే.

"మీ లీడర్లు 'ఏ' అని పంపుతారు. నా చెయ్యి రాదు," అంది. "ఆ పాత ముప్పైఒకటి నా బెంచీమేటు. ఆ రోజు తను క్లాసుకి రానేలేదు. 'ప్రెజెంట్' అన్నది నేను. ప్రాక్సీ. వానకి ఆలస్యమైందేమో, వచ్చేస్తుందిలే అనుకున్నాను. హాజరు పడింది కదా, సాయంత్రం దాకా ఎవరూ వెతకలేదు. తను వాగు దాటి వచ్చేది. ఆ రోజు వాగు పొంగింది. మూడు రోజులకి గొడుగు ఒక్కటే నా కంటపడింది. ఎవరికీ చెప్పకుండా తెచ్చి అక్కడ తగిలించాను. క్లాసులోంచి మాయమైందని మిగతావాళ్ళు కథ అల్లుకున్నారు. నేను నోరు విప్పలేదు."

కిటికీ రెక్క చిన్నగా కొట్టుకుంది.

"మేడమ్," అన్నాడు పట్టీ, "ఈ నాలుగు రోజులూ ఎవరో 'ప్రెజెంటండీ' అన్నారు."

మేడమ్ పెన్ను మూత పెట్టబోయి పెట్టలేకపోయింది.

"అండీ అని ఎవరు చెప్పారు మీకు? ఆ మాట తనది. లీడర్ని ఏడిపించడానికి అలా సాగదీసేది. నేను ఆ రోజు తన గొంతు పెట్టి అలాగే అన్నాను."

ముందుగా తేరుకున్నది స్టేషన్ మాస్టర్ గారి అమ్మాయే.

"నాకు జ్వరమొస్తే నాలుగు రోజులు ప్రాక్సీ చెప్పిందా? ఈ కాలేజీలో ఇంత మంచి ఫ్రెండు నాకు ఇంకెవరూ లేరు," అంది. తర్వాత మేడమ్ చేతి మీద చెయ్యి వేసి, "మీ మీద కోపం లేదండీ తనకి. వెనక్కి తిరిగి చూడమంటోంది, అంతే," అంది.

మేడమ్ కళ్ళు తుడుచుకుని, ఆకుపచ్చ ఇంకుతో రిజిస్టర్ చివర కొత్త గీత గీసింది. నలభై రెండు. ఆరు వారాల హాజరూ అక్కడికి చేరింది, జ్వరం రోజులు మినహాయించి. జాబితాలో ఆమె నంబరు పడలేదు. టీ.సీ. అర్జీ దిండు కిందే ఉండిపోయింది.

*

సోమవారం పట్టీ బోర్డు వైపు కాదు, క్లాసు వైపు తిరిగి నిలబడి పిలిచాడు.

"ముప్పైఒకటి. అందరూ వెనక్కి తిరగండి."

"పిచ్చా నీకు?" అన్నాడు నిచ్చెన. అయినా తిరిగాడు. ఒకటొకటిగా తలలన్నీ తిరిగాయి. తలుపు దగ్గర సూపరింటెండెంట్ మేడమ్ కూడా నిలబడి చూసింది. ఎవరూ పలకలేదు. గొడుగు పొడిగా ఉంది. పట్టీ 'పి' రాశాడు.

"నలభై రెండు."

"ప్రెజెంట్," అంది ఆమె, అతని కళ్ళలోకి చూస్తూ. ఆ ఒక్క మాటకి అతను తర్వాతి నంబరు మరిచిపోయాడు. తర్వాత నంబర్లు లేకపోవడం వల్ల బతికిపోయాడు.

గంట కొట్టాక ఆ వెనక బెంచీ దగ్గరికి వెళ్ళాడు. ముగ్గురు పట్టే బెంచీ. ఆమె సరిగ్గా మధ్యలో కూర్చుని ఉంది.

"కాస్త జరగవచ్చు కదా, కిటికీ వైపు బోలెడు చోటుంది."

"అది నీక్కాదు," అంటూ ఇటువైపునున్న పుస్తకాలు తీసి ఒళ్ళో పెట్టుకుంది. "నీది ఇది. కూర్చో."

పట్టీ కూర్చున్నాడు. కిటికీ గడియ వేసే ఉంది. దాని పక్కన బెంచీ చెక్క మాత్రం, ఎవరో ఇప్పుడే వానలోంచి వచ్చి కూర్చున్నంత మేర, తడిగా ఉంది.