అరనిమిషం ఆలస్యం

“స్టాప్ బాత్ వెయ్యరా? ఉత్త నీళ్లతో సరిపెడతారా?” కృష్ణప్రియ ఫిల్మ్ రోల్‌ని గుప్పిట్లోనే బిగించి పట్టుకుంది.

ప్రద్యుమ్నకు చిర్రెత్తింది. ఏలూరులో ఇంకా బ్లాక్ అండ్ వైట్ ఫిల్మ్ కడిగేది తనొక్కడేనని అతని గర్వం.

“మా స్టూడియోలో ముప్పై ఏళ్లుగా నీళ్లేనండి. బొమ్మ తేల్చే డెవలపర్ మందు పారబోసి అయిదుసార్లు నీళ్లు మారిస్తే చాలు.”

“నీళ్లతో డెవలపర్ వెంటనే ఆగదు కదండీ, బొమ్మ ముదిరిపోతుంది! నాన్నగారైతే స్టాప్ బాత్‌గా వినిగర్ కలిపిన నీళ్లు పోసేవారు.” సంచిలోంచి వినిగర్ సీసా తీసి బల్ల మీద పెట్టింది.

“నూడుల్స్ కూడా చేస్తారేంటండీ?”

ఆమె నవ్వలేదు. “కొల్లేట్లో దోనె మీద నాన్నగారిని నేను తీసిన ఫొటో ఇందులో ఉందండి. ఆ తర్వాత పది రోజులకే పోయారు. ఆయనకి అదే ఆఖరి ఫొటో.”

తనన్న మాటకి ప్రద్యుమ్న సిగ్గుపడ్డాడు. మగ్గులో వినిగర్ కొలిచి నీళ్లు కలిపాడు.

చీకటి గదిలో ఫిల్మ్‌ని ట్యాంకులో చుట్టి, మూత బిగించి బయటికొచ్చాడు. డెవలపర్ పోశాడు. ఎనిమిది నిమిషాలు. బయట వాన మొదలైంది.

“ఫొటో తీసేటప్పుడు గూడకొంగలు బెదిరిపోతాయని, అవి వాలేదాకా నాన్నగారు నన్ను దగ్గనిచ్చేవారు కాదండి,” అని నవ్వబోయి కృష్ణప్రియ ఏడ్చేసింది. ట్యాంకు తిప్పుతున్న ప్రద్యుమ్న ఆమెనే చూస్తూ ఉండిపోయాడు.

“టైమ్!” ఆమె అరిచింది.

అరనిమిషం దాటిపోయింది! అతను గబగబా డెవలపర్ పారబోశాడు. అప్పటికే మగ్గు ఎత్తిన ఆమె వినిగర్ నీళ్లు పోసేసింది.

బొమ్మని నిలిపే ఫిక్సర్ కూడా అయ్యాక, ఫిల్మ్ కడిగి, వెలుతురుకి ఎత్తి పట్టుకున్నాడు. కాస్త ముదిరింది గానీ పాడవలేదు. ఆఖరి ఫ్రేములో దోనె మీద ఆయన. నెగెటివ్ కదా, నెరిసిన జుట్టంతా నల్లగా ఉంది.

“నా చిన్నప్పుడు ఇలాగే ఉండేవారండి,” అంది ఆమె.

“మీ వినిగర్ లేకపోతే ఇంకా ముదిరిపోయేదండి. తప్పు నాదే. మిమ్మల్ని చూస్తూ గడియారం మర్చిపోయాను.”

కృష్ణప్రియ కళ్లు తుడుచుకుంది.

“నాన్నగారుంటే మిమ్మల్ని బాగా కోప్పడేవారు.”

“మరి మీరు?”

ఆమె సీసా మూత బిగించి, అతని డెవలపర్ పక్కన అరలో పెట్టింది.

“ఇది ఇక్కడే ఉండనివ్వండి. ప్రింట్లు వేసే రోజు వస్తాను. గడియారం నేను చూస్తానండి. మీరు ఎటు కావాలంటే అటు చూడండి.”