పదకొండు రోజుల రొట్టె

ఒక మాట ముందే ఒప్పేసుకుంటాను. ఈ కథలో ఒక చావును ఆపే చాన్స్ క్లారాకి వచ్చింది. అప్పుడామె టీ పోస్తూ నవ్వింది. ఆ ముక్క దాచేద్దామనుకున్నాను, మనసొప్పలేదు.

సిడ్నీ, 1989 ఆగస్టు.

"ఇవాన్ పోయాడమ్మా," అన్నాడు మన గూఢచారి శాఖ చీఫ్ రాయప్ప, క్లారాతో. "రాడార్ ప్రాజెక్ట్ తెలిసినవాళ్లలో ఫజల్ ఒక్కడే మిగిలాడు. క్వేకర్స్ హిల్‌లో ఓ వీధిలో దాచాం. ముఠావాళ్లు ఆ వీధిలో తిరుగుతున్నారు. ఇంటి నంబరే దొరకలేదు. సాయంత్రానికి వేరే చోటికి మార్చేస్తాం."

"నంబర్ ఎవరికి తెలుసు అంకుల్?"

"నాకు, నీకు, ఇల్లు కుదిర్చిన జాక్లిన్‌కి."

జాక్లిన్ డబుల్ ఏజెంటేమోనని అనుమానం. మన జీతం, విదేశీ ముఠా పెర్ఫ్యూమ్. ముఠా మనిషి ఫ్రాంక్లిన్‌ని ఆమె కలిసేది బ్లాక్‌టౌన్‌లో, బల్ల మీద పాత యుద్ధాలు ఆడే వార్‌గేమ్ క్లబ్బులోనే. హాల్లో మన మైకులున్నాయి. వాటికి చిక్కిన మాట ఒక్కటీ లేదు.

ఆ శనివారం కూడా క్లారా ఏప్రాన్ కట్టుకుని టీ ట్రాలీ తోసింది.

టేబుల్ నిండా బ్రెడా. హాలండ్‌లో పదే పదే ముట్టడికి గురైన కోట ఊరు. 1624లో స్పెయిన్ సైన్యం చుట్టూ కందకాలు తవ్వి కూర్చుంది. తొమ్మిది నెలలు దాటాక ఆకలే ఊరిని లొంగదీసింది. ఆటలోనూ అంతే. పెట్టెలో ఒక్కో చెక్క పూస ఒక్కో రోజు రొట్టె. పెట్టె ఖాళీ అయ్యేదాకా ఏ ఆటగాడూ గుమ్మం తియ్యడు.

"బోర్ కొడుతోంది డార్లింగ్. లొంగిపోయాం," అంటూ కోట వైపు ఆడుతున్న జాక్లిన్ గుమ్మం తీసేసింది.

"మళ్లీనా? నువ్వు కోటకి కాదమ్మా, కిట్టీ పార్టీకి పనికొస్తావ్!" అన్నాడు అంపైర్ కృష్ణమూర్తి. అందరూ నవ్వారు.

క్లారా పెట్టెలోకి చూసింది. పదకొండు పూసలు.

ఫజల్ ఉన్న ఇల్లు పదకొండో నంబరు.

పోయిన శనివారం ఏడు మిగిలాయి. ఇవాన్ ఫ్లాట్ నంబరు ఏడు. అప్పుడు కృష్ణమూర్తి జోకుకి క్లారా కూడా నవ్వింది.

ఫ్రాంక్లిన్ కుర్చీ ఖాళీగా ఉంది. వరండాలో ఫోన్ డయల్ తిరుగుతోంది. ఏడంకెల్లో ఆరు అయిపోయాయి.

"టీ, సార్?"

"నాట్ నౌ!"

ఏడో అంకెలో వేలు పెట్టాడు. మరుగుతున్న టీ అంతా ఆ చేతి మీదే పడింది. అరుపు ఆగేలోపు క్లారా ఫోన్ వైరు పీకేసి, టీపాట్ ముసుగు కింది పిస్టల్ బయటికి తీసింది.

బేడీలు వేస్తుంటే జాక్లిన్ లిప్‌స్టిక్ చెదరలేదు. "ఎలా కనిపెట్టావే చెల్లీ?"

"రొట్టె ఉండగా గుమ్మం తీశావక్కా." క్లారా పూసల పెట్టె మూసింది. "పోయిన వారమే కనిపెట్టాల్సింది."

ఫజల్ బతికాడు. ఆ రాత్రి ఇవాన్ ఎలా ఉన్నాడని అడిగాడు. రాయప్ప టీ తాగమన్నాడు.

మీ కోట గుమ్మం కూడా ఎవరైనా లోపల్నుంచి తీశారా? ఆ కథ రాసి పంపండి. మీ ఇంటి నంబరు మాత్రం రాయకండి.