మూడో పెగ్గు

"ఈసారి విస్కీ తాగాలి," అన్నాడు చీఫ్, ఫైలు మూస్తూ.

ఆఫీసులో అందరూ పిల్లి అని పిలిచే ఏజెంట్‌కి ఆ మాటకే ఒళ్లు జలదరించింది. విస్కీ అతనికి పడదు. ఒక్క గుక్కకే మెడ మీద దద్దుర్లు లేస్తాయి, ఆపకపోతే గొంతు బిగుసుకుపోతుంది. చెవి తమ్మెలు దురద పెట్టగానే గ్లాసు దించేసి ఇన్నాళ్లూ ప్రాణం కాపాడుకున్నాడు.

ఈసారి పట్టుకోవాల్సిన విదేశీ ముఠా నాయకుడికో పట్టింపు ఉంది. తనతో మూడు పెగ్గులు నీళ్లు కలపకుండా తాగితేనే మనిషిని నమ్మి, వాడి ముందు బాంబు రిమోట్ బయటికి తీస్తాడు. అది నొక్కితే ఊరి నడిబొడ్డున రైల్వే స్టేషన్ పేలిపోతుంది.

ఏజెన్సీ డాక్టరమ్మ అయిష్టంగానే ఒక గోలీ ఇచ్చింది.

"దీంతో దద్దుర్లు కనబడవు. అంతే నాయనా. గొంతు సంగతి దీని చేతిలో లేదు. నా మాట విని వెళ్లకు."

చీఫ్ మొదటి ముక్క దగ్గరే వినడం ఆపేశాడు. తనది కాకపోతే తాటిపట్టెకు ఎదురు దేకమన్నాడట వెనకటికొకడు.

హోటల్ సూట్ గుమ్మంలో, గోలీ మింగి వచ్చిన పిల్లిని కాపలావాళ్లు తడిమి చూశారు. మారువేషానికి పెట్టుకున్న విగ్గు, దొంగ మీసం ఊడకుండా నిలిచాయి. నాయకుడి పక్కన నల్ల గౌనులో మెరిసిపోతున్న సుందరి, "వాన పడేలా ఉంది," అంది. అదే కోడ్. ఆమె మనవైపు మనిషి. ప్రాణం నిలిపే ఇంజెక్షన్ ఆమె హ్యాండ్‌బ్యాగ్‌లో లిప్‌స్టిక్ రూపంలో ఉంది.

మొదటి పెగ్గు దిగింది. రెండోదీ దిగింది. తమ్మెలు దురద పెట్టలేదు. విస్కీ తనకి పడిందేమోనని ఆ అమాయకుడు కాసేపు సంబరపడ్డాడు కూడా. గోలీ దాచేసింది దద్దుర్లనొక్కటే కాదు, అతనికున్న ఒకే ఒక్క హెచ్చరికని కూడా.

మూడోది మింగాక ఊపిరి లోపలికి రాలేదు.

నాయకుడు నవ్వుతూ రిమోట్ తీశాడు. బొటనవేలు మీట మీద ఆనేలోపు పిల్లి బల్ల మీద పడి దాన్ని లాక్కుని, బ్యాటరీ పీకేశాడు. సుందరి బ్యాగ్ తెరిచింది. కాపలావాడు ఆమెని కాల్చాడు. కూలిపోతూనే ఆమె పిల్లి తొడలో సూది దింపింది.

"ఊపిరి పీల్చు," అంది. మళ్లీ మాట్లాడలేదు.

తలుపులు బద్దలుకొట్టుకుని మనవాళ్లు వచ్చి ముఠాని పట్టుకున్నారు. స్టేషన్ నిలబడింది.

ఆసుపత్రిలో కళ్లు తెరవగానే పిల్లి మొదట ఆమె గురించే అడిగాడు. ఏ రికార్డులోనూ పేరు లేదు కాబట్టి ఎవరికీ కబురు పెట్టే పని లేదన్నాడు చీఫ్. పిల్లి గోడవైపు తిరిగి ఏడ్చాడు.

చీఫ్ అతని మెడని పరీక్షగా చూసి తృప్తిపడ్డాడు.

"అద్భుతమైన గోలీ. ఒక్క దద్దురైనా లేదు. వచ్చే నెల ఇంకో ముఠా ఉంది. వాళ్లు రోజూ తాగుతారట."