మూడో ఇనపగుండు

ముసలి ఏమోస్ తడిసిన టోపీని చేతుల్లో నలుపుతూ డిటెక్టివ్ పాస్క్ గదికి వచ్చాడు. ఊళ్లోని పాత నాటకశాలలో నలభై ఏళ్లుగా ఉరుములు ఉరిమించేది అతనే. అటకమీది చెక్క కాలువలో మూడు ఇనపగుండ్లు దొర్లించాడంటే కిందివాళ్లు గొడుగులు తడుముకునేవారు.

"ఎదుటి హాలువాళ్లు నా ఉరుము ఎత్తుకుపోయారు బాబూ. నేనే అమ్ముకున్నానంటున్నాడు మా మేనేజరు. రేపట్నించి రావద్దన్నాడు."

పాస్క్ నవ్వలేదు. "రెండొందల ఏళ్లనాడు లండన్లో ఒక నాటకకర్తదీ ఇదే గోడు. తను కనిపెట్టిన ఉరుము ఇంకొకరి నాటకంలో వినపడితే, నా ఉరుము దొంగిలించారని హాల్లోనే లేచి అరిచాడట. ఒకరి ఘనత ఇంకొకరు కొట్టేస్తే ఇప్పటికీ ఇంగ్లీషులో ఆ మాటే అంటారు."

"ఆయన అరిచాడు. నాకు ఉద్యోగం పోతోంది."

ఆ మధ్యాహ్నం పాస్క్, సహాయకురాలు డోరా రెండు హాళ్లలోనూ తుఫాను ఘట్టం చూశారు. ఎదుటి హాల్లో మూడు గుండ్లూ ఎడం లేకుండా దొర్లాయి. చిన్నప్పుడు ఈ ఉరుముకే నాన్న కోటులో మొహం దాచుకునేది డోరా. ఇప్పుడూ ఆమె చెయ్యి పక్క సీటు తడిమింది. పాత హాల్లో మాత్రం మూడో గుండు కాస్త ఆగి వచ్చింది.

"మూడోది ఆలస్యమేం తాతా?" అటకెక్కి అడిగింది.

"ఆలస్యమా? పోయిన చలికాలం భుజం విరిగిందిగానీ, నా ఉరుము నా ఉరుమే."

పాస్క్ ప్రాంప్టరు లెట్టీని నాటకం పాత ప్రతి అడిగాడు. ఇరవై ఏళ్లుగా ప్రతి గుండుకీ వేళ రాసిపెట్టేది ఆవిడే. కొత్త పుస్తకం తెచ్చి ఇచ్చింది.

"పాతది ఎలకలు కొట్టేశాయి."

మర్నాడు పాస్క్ ఏమోస్‌నీ, లెట్టీనీ, మేనేజరునీ రంగస్థలం మీదికి పిలిచాడు.

"ఏమోస్ చేతికి ఆలస్యం ఉందని అతనికే తెలీదు. అతను నేర్పితే ఆ ఆలస్యమూ అక్కడ వినపడేది. అవతల వినపడుతున్నది భుజం విరగకముందు ఉరుము. అది ఉన్నది ఒక్క పాత ప్రతిలోనే. ఎలకలు అంత చక్కగా ఒక్క పుస్తకాన్నే ఏరుకుంటాయా, లెట్టీగారూ?"

మేనేజరు నేలచూపులు చూశాడు. లెట్టీ కళ్లు తుడుచుకుంది.

"నేనే ఇచ్చాను. ఒక్కసారి ఆ ఉరుము మళ్లీ వినాలనిపించింది. నీ చెయ్యి ఆగుతోందని నీకెలా చెప్పను ఏమోస్?"

ఏమోస్ చాలాసేపు తన భుజం నిమురుకున్నాడు.

"రేపు పనిలోకి రావయ్యా," అన్నాడు మేనేజరు.

"రేపు కుదరదు దొరా, ఎల్లుండొస్తా. లెట్టీ, ఎదుటి హాలుకి రెండు టిక్కెట్లు తియ్యి. నా ఉరుముని కింద కూర్చుని ఒక్కసారీ వినలేదు."