మేలారెన్‌లో ఉప్పు

"బషీర్, స్వీడన్‌లో మేలారెన్ అనే సరస్సు ఉంది. పడవలు, చేపలు, పొలాలు అన్నీ దాని మీదే. ఇరవై లక్షలమంది ఆ నీళ్లే తాగుతారు. సముద్రానికీ దానికీ మధ్య కొన్ని గేట్లు, అంతే. ఇవాళ తుఫానుకు సముద్రం సరస్సు కన్నా పైకి లేచింది. ఇప్పుడు గేటు తెరిస్తే లోపలికి వచ్చేది ఉప్పునీరే."

"మరి నన్ను ఎల్లారెడ్డిలో ఎందుకు కూర్చోబెట్టారు సర్?"

"అక్కడ గేటు బటన్ దగ్గర డ్యూటీలో ఉన్నది ఎల్లారెడ్డి కుర్రాడు మహేందర్. వాళ్లమ్మ గౌరవ్వ నీ ఎదురింట్లోనే ఉంది. ఆమె తలకు పిస్టల్ గురిపెట్టి కొడుకు చేత గేటు తెరిపించాలని ఒక ముఠా ప్లాన్."

"స్వీడన్ పోలీసులకు చెప్పేస్తే?"

"ముఠా నాయకుడు జారుకుంటాడు. మనకు వాడే కావాలి."

ఇయర్‌పీస్‌లో చీఫ్ నారాయణ గొంతు తాపీగా ఉంది. వాటర్ క్యాన్ల ఆటోవాడి వేషంలో ఉన్న బషీర్ మాత్రం ఎదురింటి తలుపు మీంచి చూపు తిప్పడం లేదు. పొద్దున గౌరవ్వ ఇంట్లో వేసిన క్యాన్ మూతలో మైక్ ఉంది. ఆమెకు కాపలాగా ఏజెంట్ త్రివేణిని పెట్టింది కూడా తనే. సిల్కు చీర, పెర్ఫ్యూమ్, ఐదేళ్ల మచ్చలేని సర్వీసు.

సరిగ్గా పన్నెండింటికి మైక్‌లో త్రివేణి గొంతు వినిపించింది.

"అవ్వా, వీడియోల నీ కొడుకున్నడు. గేటు తియ్యమను. లేకుంటే కాలుస్త."

బషీర్‌కు ఒళ్లు మండింది. తను పెట్టిన కాపలాయే ముఠా మనిషి! పిస్టల్ తీశాడు.

"ఆగు," అన్నాడు నారాయణ. "నాయకుడు అదే కాల్‌లో ఉన్నాడు. ట్రేస్‌కు నలభై సెకన్లు కావాలి."

"ముసలామె చచ్చిపోతుంది సర్!"

"ఇది ఆర్డర్."

బషీర్ లెక్కపెడుతూ ఆటోలోనే కూర్చున్నాడు. తన మీద తనకే అసహ్యం వేసింది.

"అవ్వా, తీస్తున్న, భయపడకు," మహేందర్ ఏడుస్తున్నాడు.

"ఆగు కొడుకా. ఆ నీళ్లు ఎంతమంది తాగుతరు?"

"ఇరవై లచ్చల మంది."

"మీ బాపు నిజాంసాగర్ కాలువ మీద నీరటి. తూము తీసుడు, బందు పెట్టుడే ఆయన బతుకు. ఊరంత కట్టెలు పట్టుకొని మీదికొచ్చినా అడ్డగోలుగ తూము తియ్యలే. నువ్వు తీస్తవా? చెయ్యి ఎనుకకు తియ్యి!"

తల్లి కదా, ఏడ్చి బతిమాలుతుందనుకున్నారు ముఠావాళ్లు. నీరటి పెళ్లాం సంగతి వాళ్లకేం తెలుసు?

ముప్పై తొమ్మిదో సెకనులో పిస్టల్ పేలింది. నలభైలో ట్రేస్ దొరికింది. గేటు మూసే ఉంది.

బషీర్ తలుపు తన్ని లోపలికి దూకాడు. గౌరవ్వ క్యాన్ పక్కన ప్రాణం లేకుండా పడి ఉంది. త్రివేణి పిస్టల్ కింద పడేసి, తీరిగ్గా చేతులెత్తింది.

"మైక్ పెట్టినవ్ గద బషీర్. అంత ఇనుకుంట ఎందుకు రాలే?"

అతను బేడీలు వేశాడు.

నెల తర్వాత స్వీడన్ నుంచి కృతజ్ఞతగా ఒక సీసా వచ్చింది, నిండా మేలారెన్ నీళ్లు. నారాయణ స్వయంగా గ్లాసులో పోసి ఇచ్చాడు. బషీర్ నిలబడే తాగాడు.

"ఎలా ఉన్నాయోయ్?"

"ఉప్పు లేదు సర్. గౌరవ్వకే ఒక్క సెకను తక్కువైంది."