మనిషి చెయ్యి పడని ఐసీయూ

"ఆ మనిషి కళ్లు తెరిస్తే మనలో దొంగ ఎవరో చెబుతాడు," అన్నాడు చీఫ్. "అందాకా అతను బతికుండాలి. అదే నీ మిషన్."

ఏజెంట్ డేగ తల ఊపాడు. లాండ్రీ షాపు వెనకగదిలో, వేలాడుతున్న కోట్ల మధ్య వాళ్లిద్దరే ఉన్నారు. తండ్రి పోయిన నాటినుంచి డేగను పెంచి, చదివించి, ఏజెన్సీలో చేర్చింది చీఫే. నలుగురిలో సార్, ఇద్దరే ఉంటే బాబాయ్.

బ్రీఫింగ్ క్లుప్తంగా సాగింది. విదేశీ ముఠా ‘నల్లతేలు’కు రహస్య సందేశాలు మోసే కొరియర్ ఒకడు మనకు లొంగిపోవడానికి వస్తూ, దారిలో తూటా తిని పెద్దాసుపత్రి ఐసీయూలో పడున్నాడు. మన రహస్యాలు ముఠాకు అమ్ముతున్నదెవరో అతనొక్కడికే తెలుసు. ఆసుపత్రిలో ఏ గదిలోకైనా అడ్డులేకుండా దూరగల వేషం ఒక్కటే: డిజిటల్ ట్రాన్స్‌ఫర్మేషన్ అసెసర్. అంటే ఆసుపత్రి కంప్యూటర్లను ఎంత బాగా వాడుతోందో చూసి, మార్కులు వేసి, మెరుగుపడే దారి చెప్పే నిపుణుడు. అడగాల్సిన ప్రశ్నపత్రం చీఫే ఇచ్చాడు. ఒక పెన్ను కూడా ఇచ్చాడు. అది ఫోటోలు తీస్తుంది, మాటలు రికార్డు చేస్తుంది. రాయడం మాత్రం దానికి రాదు.

ఆసుపత్రికి సాఫ్ట్‌వేర్ ఇచ్చే కంపెనీ తరఫున లోపల ‘ముత్యం’ అనే ఆమె ఉంటుందని, ముఠా ఆమెను తమ మనిషనుకుంటోందని, నిజానికి మన మనిషేనని చీఫ్ చెప్పాడు.

నెరిసిన విగ్గూ చిన్న బొజ్జా తగిలించుకుని డేగ ఆసుపత్రిలో అడుగుపెట్టాడు. వేషం చిత్రంగా ఒంటబట్టింది. ఒక కౌంటర్లో ప్రింటు తీసిన చీటీని పక్క కౌంటర్లో మళ్లీ టైపు కొట్టడం, పాస్‌వర్డ్ మానిటర్ మీదే అంటించుకోవడం చూసి, అసలు నిపుణుడికన్నా ఎక్కువ చిరాకు పడ్డాడు.

ఐసీయూలో మందు ఎంత వేగంతో ఎక్కాలో డాక్టర్ కంప్యూటర్లో కొడితే, ఆ ఆర్డర్ నేరుగా మంచం పక్కనున్న పంపుకు చేరుతుంది. కానీ నర్సు వచ్చి, రోగి చేతిపట్టీ స్కాన్ చేసి, సరేనని నొక్కితేనే పంపు కదులుతుంది. ప్రశ్నపత్రం ప్రకారం ఈ పద్ధతికి సున్నా. మనిషి చెయ్యి పడకుండా నడిస్తేనే ఫుల్ మార్కులు. ఐసీయూ డాక్టరమ్మ ససేమిరా అంది. డేగ స్లైడ్లు వేసి, ఉపన్యాసం దంచి, యాజమాన్యం చేత ఆ నొక్కుడు తీసేయించాడు. సిఫారసు కింద దర్జాగా సంతకం కూడా గీకాడు.

కొత్త సిస్టమ్ ప్రారంభోత్సవం రోజు ఉదయం, లిఫ్టు పక్కన ముత్యం ఎదురైంది. ఎవరైనా ఒకసారి చూసి ఊరుకోలేని మనిషి.

"ఈ స్క్రీన్‌కి వెలుతురు ఎక్కువైంది," అంది కోడ్‌మాటగా.

"కళ్లకి అలవాటవుతుంది," అన్నాడు డేగ.

"నీ ప్రశ్నపత్రం ఎవరు రాశారో ఎప్పుడైనా అడిగావా?"

"బాబాయ్ ఇచ్చారు."

"రాసిందీ ఆయనే. నర్సు నొక్కుడు ఉన్నంతకాలం బయటినుంచి ఆ పంపును కదపడం మావల్ల కాలేదు. నువ్వొచ్చి తీసేయించావు. రిబ్బన్ కత్తిరించగానే ఆ కొరియర్‌కి మందు పదింతలు ఎక్కుతుంది. సాఫ్ట్‌వేర్ తప్పిదం అంటారు. కింద నీ సంతకం ఉండనే ఉంది."

"నువ్వు మన మనిషివి," అన్నాడు డేగ.

"నాకు రెండువైపులా జీతం. మీ బాబాయికీ అంతే. జీతం లేకుండా ముఠాకు పనిచేసింది నువ్వొక్కడివే."

మందు పెంచే ఆ ప్రోగ్రామ్ రాసింది తనే కాబట్టి రేపు చీఫ్ దాన్ని తన మెడకు చుడతాడని, ఆయన ముందే పట్టుబడితే తనకు మేలని, అందుకే చెబుతున్నానని అంది. ఆర్డర్ వెనక్కి తీసుకోవడం ఇప్పుడు తన చేతుల్లో కూడా లేదట. వెనక గుమ్మం వైపు నింపాదిగా నడిచి వెళ్లిపోయింది.

డేగ మెట్లెక్కి పరిగెత్తాడు. బొజ్జ అడ్డొస్తే పీకి పారేశాడు. కింద హాల్లో చప్పట్లు మోగాయి. ఐసీయూలో పంపు మీద అంకె పెరుగుతోంది. ఆపే బటన్ నొక్కితే, మెయిన్ కంప్యూటర్ ఆర్డర్ అమల్లో ఉంది, ఇక్కడ ఆపడం కుదరదని తెర మీద పడింది. అది కూడా అతని సిఫారసే. ప్లగ్ పీకితే బ్యాటరీ మీద నడిచింది. అప్పుడు కనిపించింది, ట్యూబు మీద చిన్న ప్లాస్టిక్ చక్రం. బొటనవేలితో దాన్ని కిందికి తిప్పి బిగించాడు. ట్యూబు మూసుకుపోయింది, పంపు గగ్గోలు పెట్టింది. డాక్టరమ్మ పరిగెత్తుకొచ్చి, సూది తీసి, నాడి పట్టుకుని చూసి, బతికాడంది.

డేగ మంచం పక్కన కూలబడ్డాడు. తండ్రి పోయినప్పుడు ఏడవకుండా ఆపిన చెయ్యి బాబాయిదే. ఆ చెయ్యే తనను కీలుబొమ్మను చేసి ఆడించింది. ఎవరు చూసినా సరేనని, అతను వెక్కి వెక్కి ఏడ్చాడు.

మధ్యాహ్నం కొరియర్ కళ్లు తెరిచాడు. కాసేపటికి చీఫ్ ఫోన్ చేసి, ఎప్పటిలాగే ఆప్యాయంగా, పని పూర్తయిందా నాన్నా అని అడిగాడు.

"పూర్తయింది బాబాయ్," అన్నాడు డేగ. "పేషెంట్ లేచాడు. లేవగానే మిమ్మల్నే తలుచుకున్నాడు. మీ గుమ్మం ముందు కారు ఆగి ఉంటుంది, ఎక్కండి. డ్రైవర్ మనవాడే, ఒక్కవైపే జీతం తీసుకుంటాడు."